నిప్పుకి అడ్డంగోడ

మా అన్నయ్యని వీధిలో అందరూ స్పాంజి అంటారు. స్పాంజి పరుపులు అమ్ముతాడని పెట్టిన పేరు. ఎంత నొక్కినా మళ్లీ పైకి లేస్తాడు కాబట్టి అదే నిలిచిపోయింది. ఈ రెండేళ్లలో ఆ స్పాంజి నాకు చేసిన అన్యాయాల్లో నా వాటా స్థలం అడగడం చిన్నది. పెద్దది, పోయిన మనిషి మీద నింద వెయ్యడం. నా భార్య ఇస్త్రీపెట్టె ఆపకుండా కునుకు తీసిందనీ, దాంతో నా దూది అంటుకుందనీ, ఆ మంట వీధిలోకి వచ్చి తన షాపు ముందు పేర్చిన స్పాంజి కట్టలకి తగులుకుందనీ వర్తక సంఘంలో నిలబడి చెప్పాడు. చెప్పింది సొంత బావగారాయె. జనం నమ్మకుండా ఎలా ఉంటారు? పైగా పొగ ముందు నా షాపులోంచి రావడం వీధంతా చూసింది. ఆ మధ్యాహ్నం వాడి షాపు షట్టర్ దించి ఉంది. నాది తీసి ఉంది. నేను పరుపులు దించి రావడానికి వెళ్లాను. ఆవిడ ఒక్కతే అటక మీద గలీబులు ఇస్త్రీ చేసుకుంటోంది. నేను తిరిగొచ్చేసరికి అటకకి మెట్లు లేవు.

కిందటి వారం భాగంలో మనం ఆ కాలిన షాపులోనే ఆగాం. మధ్యగోడ మీద మసి గీకుతుంటే, అటక ఎత్తున, ఒక ఇటుకంత మేర వేరే రంగు సిమెంటు బయటపడింది. అక్కడ కన్నం ఉండేదని, దాన్ని ఎవరో తర్వాత పూడ్చారని అర్థం కావడానికి చదువు అక్కర్లేదు. ఇదేంట్రా అని అన్నయ్యని అడిగాను. వాడు చెప్పులేసుకుని పోయాడు. వాడి కూతురు నా వెనకాలే నిలబడి ఉంది. ముఖంలో నెత్తురు చుక్క లేదు. "రేపు మధ్యాహ్నం నీ గదికొస్తాను బాబాయ్. నేనొచ్చేదాకా ఏ కాగితం మీదా సంతకం పెట్టకు" అంది.

ఆ రేపు ఈరోజే. నాలుగింటికి అన్నయ్య, సంఘం ప్రెసిడెంటు కాగితాలు పట్టుకొస్తారు. జరిగిన నష్టానికి బదులు నా వాటాకొచ్చిన ఆ కాలిన షాపు స్థలం వాడికి రాసివ్వాలని సంఘం తేల్చింది. సంతకం పెడితే నా భార్య తప్పు చేసిందని నేనే ఒప్పుకున్నట్టు. పెట్టకపోతే, కాదని చూపించడానికి నా దగ్గర ఆ సిమెంటు మచ్చ తప్ప ఏమీ లేదు.

ఆ గోడ మా నాన్న కట్టించాడు. కుర్రతనంలో వరసగా దూది కొట్లు తగలబడటం కళ్లారా చూసిన మనిషి. అందుకని రెండు షాపుల మధ్య రెండిటుకల మందాన గోడ లేపి, కప్పు దాటించి ఇంకా నడుమెత్తు పైకి పోయించాడు. ఇటు దూలం అటు తగలకూడదన్నాడు. కొడుకులిద్దరికీ పడదని ముందే తెలిసిందా అని వీధిలో నవ్వారు. నాన్న నవ్వలేదు. "అది మీకు అడ్డం కాదురా, నిప్పుకి అడ్డంగోడ. దాని మీద మేకు కూడా కొట్టొద్దు" అనేవాడు. ఆ మాట ఇద్దరం వినీ వినీ విసిగిపోయాం.

గువ్వ వచ్చేసరికి నేను దబ్బనం పట్టుకుని పరుపు అంచు కుడుతున్నాను. నిప్పంటుకున్నాక కాలిన షాపుకి ఎదురుగా మేడ మీద గది అద్దెకి తీసుకున్నాను. కిటికీలోంచి అది కనిపిస్తూనే ఉంటుంది. గువ్వ అనేది అన్నయ్య కూతురి అసలు పేరు కాదు. తల్లి షాపు పనిలో పడి చూసుకోలేకపోతే ఎత్తుకుపోయి పెంచింది నా భార్య. పిల్లల్లేని మనిషి పెట్టుకున్న పిలుపు అది. ఇప్పుడు పెద్ద ఆఫీసులో ఉద్యోగం. మెళ్లో కార్డు తియ్యకుండానే వచ్చింది.

"ఆఫీసు లేదా?"

"సగం పూట సెలవు పెట్టాను."

"మీ నాన్న పంపాడా?"

"నేనిక్కడున్నట్టు నాన్నకి తెలీదు."

"అయితే చెప్పు, ఆ కన్నం సంగతి."

ఆ పిల్ల బల్ల మీద కూర్చుంది. లేచింది. మళ్లీ కూర్చుంది. "ముందు ఒక మాట సంగతి చెప్పాలి బాబాయ్. అది చెప్తేగాని ఇది చెప్పలేను."

"కథలు వినే తీరిక లేదు గువ్వా. నాలుగింటికి మీ నాన్న దిగుతాడు."

"నేను చేసే ఉద్యోగమేంటో నీకు తెలుసా?"

"కంప్యూటర్లు చూస్తావు."

"చూడటం కాదు, కాపలా కాస్తాను. బయటి నుంచి రాకూడనివి ఇంటర్‌నెట్‌లోంచి మా కంపెనీలోకి రాకుండా. ఆ కాపలాని ఫైర్‌వాల్ అంటారు."

"ఫైర్ అంటే నిప్పు, వాల్ అంటే గోడ. బడి ఐదులో మానేసినా బోర్డులు చూసి ఆ మాత్రం నేర్చుకున్నాలే."

"నువ్వు విడదీశావు. నేను విడదీయలేదు" అంది. "కాలేజీలో నాలుగేళ్లు ఆ మాట చదివాను. ఉద్యోగం కోసం వెళ్తే అరగంట దాని గురించే గడగడా మాట్లాడాను. ఒక్కసారి కూడా అందులో నిప్పుందని, గోడుందని తోచలేదు. ఒకటే ముక్కలా వచ్చేసేది నోట్లోంచి. పోయిన నెల కొత్తవాళ్లకి పాఠాలు పెట్టారు. చెప్పేది పెద్దావిడ, రిటైరు కాబోతోంది. బోర్డు మీద ఆ మాట రాసి, మధ్యలో గీత గీసి రెండు చేసింది. ఇది మనం పుట్టించిన మాట కాదు, తాపీపని వాళ్ల దగ్గర్నుంచి తెచ్చుకున్నాం అంది. ఆనించి కట్టిన ఇళ్లల్లో ఒక ఇంటి మంట పక్కింటికి పోకుండా మధ్యలో లావుపాటి గోడ కట్టేవాళ్లంట. దాని పేరంట అది."

నేను దబ్బనం పక్కన పెట్టాను.

"తర్వాత బళ్లు చేసేవాళ్లు తీసుకున్నారు. ఇంజనుకీ మనం కూర్చునే చోటుకీ మధ్య రేకు ఉంటుంది చూడు, దాన్నీ ఫైర్‌వాల్ అన్నారు. విమానాల్లో కూడా అంతే. ఆ తర్వాత కంప్యూటర్లు ఒకదాంతో ఒకటి మాట్లాడుకోవడం మొదలుపెట్టాయి. ఒకచోట చెడితే అన్నిచోట్లా చెడుతోంది. మధ్యలో ఏదో ఒకటి నిలబెట్టాల్సొచ్చింది. దానికి కొత్త మాట వెతుక్కోకుండా ఇదే తెచ్చి పెట్టుకున్నారు."

"మీ దాంట్లో నిప్పేదీ?"

"లేదు."

"ఇటుకలు?"

"అవీ లేవు. ఏది రావచ్చు, ఏది రాకూడదు అని మేం రాసిపెట్టే కట్టుబాట్లు ఉంటాయి. అంతే."

"ఇటుకా లేదు, నిప్పూ లేదు. మరి అంత మాటెందుకు? మనుషులు కాలిపోయిన మాట పట్టుకెళ్లి ఏసీ గదుల్లో ఆడుకుంటున్నారా?"

"ఆటకి పెట్టుండరు బాబాయ్. వింటే భయముంటుందని పెట్టుంటారు. వాడగా వాడగా ఆ భయం అరిగిపోయింది. మాకు పేరే మిగిలింది."

మెళ్లో కార్డుని వేళ్లతో తిప్పుతూ ఉండిపోయింది. ఎడమచేతి వాటం పిల్ల. ఏది తిప్పినా అందరికీ ఎదురు దిక్కులో తిప్పుతుంది.

"ఆవిడ ఒక ఫొటో కూడా చూపించింది. పాత ఇళ్ల వరస. రెండు కప్పుల మధ్యలోంచి గోడ పైకి లేచి ఉంది, అచ్చం తాతయ్య కట్టించినట్టే. నాకు ముందు నవ్వొచ్చింది. పక్కమ్మాయికి చెప్దామని తిరిగాను కూడా, మా ఇంట్లో ఉంది ఇది అని. అప్పుడు ఆవిడ అంది, గోడ ఎంత లావో అడక్కండి, దాంట్లో ఎన్ని కన్నాలున్నాయో అడగండి. కన్నం పెట్టక తప్పకపోతే, దాన్ని దేంతో మూశారో అడగండి."

"ఊ."

"దేంతో మూశారో అనగానే నాకు చెవులు గింగురుమన్నాయి. ఇంకేం వినపడలేదు."

తనే చెప్పుకుపోయింది.

ఇంటర్‌నెట్ కనెక్షన్, గువ్వ కాలేజీలో ఉండగా, అన్నయ్య వైపు వచ్చింది. ఆ ఇంట్లో చదువుకోవడానికి చోటు లేదు. షాపుకొచ్చే ఫోన్లు, బేరాలు, మా వదిన కేకలు. మా అటక మీదకొచ్చి చదువుకోమంది నా భార్య. తీగ ఇటు రావాలంటే గోడ దాటాలి. కనెక్షన్ కుర్రాడు వేలు పట్టేంత కన్నం పెట్టబోయి, ఉలి జారి ఇటుక మొత్తం ఊడగొట్టాడు. మేస్త్రీని పిలిచి పూడ్పించుకోండమ్మా అని తీగ లాగేసి పోయాడు.

"నాకెందుకు చెప్పలేదు?"

"పిన్ని వద్దంది. గోడ ముట్టుకున్నారని తెలిస్తే మీ బాబాయ్ ఇల్లు పీకి పందిరేస్తాడు, నెమ్మదిగా నేనే చెప్తాలే అంది. దాని ముందు గలీబుల దొంతర పెట్టింది. నువ్వెలాగూ మోకాళ్ల నొప్పితో అటకెక్కవు కదా."

"తర్వాత?"

"మా వైపు నుంచి జిగురు వాసన వచ్చేది, ఆ కన్నంలోంచి. స్పాంజి అతికించే జిగురు. పిన్నికి దగ్గు పట్టుకుంది. కొంగు అడ్డం పెట్టుకుని ఇస్త్రీ చేసేది, నేను చదువుకుంటుంటే దగ్గు వినపడకూడదని." ఆ పిల్ల నా వైపు చూడకుండా అడిగింది. "మన ఇళ్లల్లో ఏ కన్నానికైనా ఏం పెడతాం బాబాయ్?"

దానికి నేను జవాబు చెప్పక్కర్లేదు. కిటికీ గడగడలాడితే దూది. తలుపు కింద చలిగాలి వస్తే దూది. చెవిలో నీళ్లు పోతే దూది. ఎలక కన్నంలో కూడా దూదే కుక్కేవాళ్లం, ఎలక దాన్నే పరుపు చేసుకుని హాయిగా పడుకునేది. పరుపులు కుట్టేవాళ్ల ఇంట్లో ఇంకేం దొరుకుతుంది?

"నీ బల్ల కింద ఏకిన దూది ఉంటే గుప్పెళ్లతో తెచ్చాను. ఊరికే పెడితే ఊడిపోతోందని తాడులా పేని, మెలి తిప్పి, గట్టిగా దూర్చాను. ఇటు నుంచి అటుదాకా. వాసన ఆగిపోయింది. పిన్ని నా నెత్తి మీద ముద్దు పెట్టుకుంది." గొంతు ఏమీ వణకలేదు. అదే నాకు భరించరానిదైంది. "వత్తి చేశాను బాబాయ్. మా వైపు నుంచి పిన్ని దగ్గరికి."

షట్టర్ దించిన షాపులో వైరు కాలిందో, జిగురు డబ్బా అంటుకుందో, అటు మొదలైన మంట బయటికి దారి లేక ఆ వత్తి పట్టుకుని ఇటొచ్చింది, అందుకే పొగ ముందు నా షాపులోంచి కనిపించింది. ఆ కన్నం లేకపోతే మా నాన్న గోడ దాన్ని ఆపే ఉండేది.

"రెండేళ్లు నోట్లో ఏం పెట్టుకున్నావు?" అన్నాను.

"నాకు తట్టలేదు. ఒట్టు. అది తీగ వచ్చే దారి అనే తప్ప గోడకి పడ్డ కన్నమని ఎప్పుడూ అనుకోలేదు. ఆవిడ ఆ మాట అన్నాక కూడా, కాదులే, పిన్ని ఎప్పుడో పూడ్పించే ఉంటుందిలే అనుకుంటూ నెల గడిపాను. నిన్న ఆ సిమెంటు చూశాను. అది పిన్ని పెట్టించింది కాదు, దాని కింద మసి ఉంది."

"వెళ్లిపో ఇక్కణ్ణుంచి."

"వెళ్తాను. నాలుగింటికి ప్రెసిడెంటుగారికి చెప్పి వెళ్తాను. పిన్ని ఇస్త్రీపెట్టె ఆపకుండా పడుకునే మనిషి కాదు."

ఆ ఒక్క మాటతో నా కోపం నిలబడటానికి చోటు లేకుండా పోయింది. రెండేళ్లుగా ఆ మాట ఎవరైనా అంటారేమోనని ఎదురుచూశాను. అన్నది ఈ పిల్ల.

మెట్ల మీద చప్పుడైంది. ప్రెసిడెంటు రొప్పుతూ వచ్చాడు, తాళాల కొట్టాయన, లావు మనిషి. "పరుపులు కుట్టేవాడివి, మెట్లకొకటి పరిచి ఉంచకూడదటయ్యా, మధ్యలో పడుకుని వచ్చేవాణ్ణి" అన్నాడు. ఎవరూ నవ్వలేదు. వెనకాల అన్నయ్య. కూతుర్ని చూసి గుమ్మంలోనే ఆగిపోయాడు.

"నువ్వేంటి ఇక్కడ?"

"గోడలో కన్నం గురించి చెప్పడానికొచ్చింది" అన్నాను. ఆ క్షణం నేను చాలా ఎత్తున నిలబడి ఉన్నాను. స్పాంజిని ఈసారి లేవకుండా నొక్కగలనని అనిపించింది.

అన్నయ్య ప్రెసిడెంటు వైపు తిరిగాడు. "మీరు రెండు నిమిషాలు కిందుంటారా?"

"ఇప్పుడేగా ఎక్కాను. కావాలంటే ఈ మెట్టు మీద కూర్చుంటాను, చెవులు మూసుకుంటాను" అని ఆయన బయటికెళ్లాడు. అన్నయ్య తలుపు దగ్గరగా వేశాడు.

"ఏం చెప్పావే బాబాయ్‌కి?"

"అంతా."

వాడు గోడకి జారబడి కింద కూర్చున్నాడు. బట్టలకి దుమ్ము అంటుతుందేమోనని కుర్చీ తుడిచి కూర్చునే మనిషి. "ఒరేయ్, నాకు తెలుసు" అన్నాడు.

"ఏం తెలుసు?"

"మంటలారిన మర్నాడు పొద్దున్నే అక్కడికి వెళ్లాను. కన్నంలో చెయ్యి పెడితే అడుగున ఒక ముక్క కాలకుండా చేతికొచ్చింది. పేనిన దూది. ఎడమచేతి పేనుడు." కూతురి వైపు చూడలేదు. "ఎవరూ రాకముందే సిమెంటు కలిపి పూడ్చి, పైన మసి పూసేశాను. మంట నా వైపు మొదలైందంటే, అటెలా వెళ్లిందని అడుగుతారు. కన్నం వెతుకుతారు. దూదెవరు పెట్టారంటారు. అక్కడిదాకా పోనియ్యకూడదనుకున్నాను."

"అందుకని నా భార్య మీద వేశావు."

"పోయినావిడకి ఎవరేమన్నా వినపడదురా. ఇది వినాలి, విని బతకాలి."

"మరి నా స్థలం?"

"నష్టపోయానని అరిచినవాణ్ణి నష్టం అడక్కపోతే ఎవడు నమ్ముతాడు?"

వాడు చెప్పింది నిజమో, స్పాంజి అలవాటుగా మళ్లీ పైకి లేచిందో నాకు ఇప్పటికీ తెలీదు. కానీ రెండేళ్లు నేను తిట్టుకుంటూ పడుకున్న మనిషి ఆ నేల మీద కూర్చున్నవాడు కాదు. వీడు ఇంకెవరో.

"నన్నొక మాట అడిగావా నాన్నా?" అంది గువ్వ.

"ఏమని అడగనే? నువ్వే చేశావని నీకు తెలుసా అని అడగనా?"

"పిన్ని గురించి వీధిలో ఎవరేమన్నా నువ్వు పక్కనే ఉండి తలూపావు. నేనూ ఊపాను. నాకు అన్నం పెట్టిన మనిషి మీద నిందకి నాచేత తలూపించావు."

ఆ పిల్ల లేచి తలుపు వైపు నడిచింది. అన్నయ్య నా మోకాలు పట్టుకున్నాడు. "తమ్ముడూ" అన్నాడు. ఆ పిలుపు విని రెండేళ్లయింది. "దాన్ని ఆపరా. నా మాట వినదు."

నాకు వీధి తెలుసు. ఇక్కడ పెట్టిన పేరు ఊడదు. అన్నయ్య పోయేదాకా స్పాంజే. ఈ పిల్లకి ఏం పేరు పెడతారో నా చెవికి అప్పుడే వినపడింది. పెళ్లిచూపులకొచ్చినవాళ్లకి చెప్తారు, రేపు పుట్టే బిడ్డలకి చెప్తారు. పెంచిన పిన్నిని కాల్చిన పిల్ల. నా భార్య ఇక్కడుంటే ఏం చేసేదో నేను ఆలోచించక్కర్లేదు. స్థలం పోతే పోనీ అని ముందు అనేది ఆవిడే. తన పేరు పోతే పోనీ అని కూడా అనేది. నేను ఆవిడంత మంచివాణ్ణి కాదు. అయినా తలుపు తీసి, "ప్రెసిడెంటుగారూ, లోపలికి రండి. ఎక్కడ పెట్టాలో చూపించండి" అన్నాను.

"బాబాయ్, ఆగు."

"ఇందులో నీకేం సంబంధం లేదు. పెద్దవాళ్ల వ్యవహారం. ఇంటికెళ్లు."

"ఏ కన్నం గురించో అన్నావు?" ప్రెసిడెంటు నన్నూ అన్నయ్యనీ మార్చి మార్చి చూశాడు.

"ఏ కన్నమూ లేదు. నా పొరపాటు" అన్నాను. ఆయన చూపించినచోటల్లా సంతకం పెట్టాను. తప్పు నా భార్యదని రాసినచోట, ఆవిడ పేరు పక్కన కూడా పెట్టాను. తర్వాత అన్నయ్య పెట్టాడు. తల ఎత్తి చూస్తే గువ్వ లేదు. మెట్ల మీద అడుగుల చప్పుడు అప్పటికే కిందికి చేరింది.

కిటికీ దగ్గరికి పోయాను. ఆ వేళకి ఎండ తగ్గి షాపులవాళ్లంతా కుర్చీలు బయటేసుకుని ఉంటారు. ఆ పిల్ల కాలిన షాపు అరుగు ఎక్కి నిలబడింది. మెళ్లో కార్డు తీసి గుప్పిట్లో పెట్టుకుంది. తాళాల కొట్టు గుమాస్తా ముందు తల తిప్పాడు, తర్వాత టైలరు, తర్వాత అందరూ.

"మా పిన్ని ఆరోజు ఇస్త్రీపెట్టె ఆపే పడుకుంది" అంది. అరవలేదు. వీధికి ఇటున్న మా మేడ దాకా వినపడింది. "నిప్పు మా షాపులో పుట్టింది. పిన్ని దగ్గరికి దాన్ని పంపిందెవరో చెప్తాను, కూర్చోండి."

"ఏమంటోందయ్యా ఆ పిల్ల?" అన్నాడు ప్రెసిడెంటు, కాగితాలు మడిచి సంచిలో పెట్టుకుంటూ.

అన్నయ్య కిటికీ ఊచలు పట్టుకుని నిలబడ్డాడు. ఆ పిల్ల ఈ మాట అనకుండా ఉండాలని నేను ఇచ్చింది ఆ సంచిలోకి పోయింది: నా వాటా, వీధి వైపు పద్నాలుగు అడుగులు, వెనక్కి ముప్పై ఎనిమిది అడుగులు, మధ్యగోడలో నా సగంతో కలిపి.